అత్తయ్య చెప్పని మాట

శ్రీవారికి,

నమస్కారాలు. అందరం క్షేమమని మొదట రాయాలి కదా. అత్తయ్య, నేను క్షేమమే. ఓడలో మీరు, మీ వంటగదిలోని వాళ్లు క్షేమమని తలుస్తాను. మూడో మనిషి సంగతి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చేతిరాత చూసి కంగారు పడకండి, ఇది నాదే. ఇన్నాళ్లూ మేం చెబుతుంటే మీ చెల్లెలు రాసేది. మీ ఉత్తరం వస్తే తనే పైకి చదివి వినిపించేది. నా ఐదో తరగతి చదువు చూసి మీరు నవ్వుకుంటారని నాకు సిగ్గు. కానీ ఇది తన చేత రాయించగలిగిన ఉత్తరం కాదు. మూడు రోజులుగా కుట్టుపని మధ్యలో కూడబలుక్కుని రాస్తున్నాను.

మీరడిగినవి ముందు చెబుతాను. అత్తయ్య కంటికి కట్టు విప్పారు. మనుషులు ఆనుతున్నారు, అక్షరాలు ఇంకా అలుక్కుపోయినట్టే ఉన్నాయట. "ఇంత చిక్కిపోయావేమే, నాకు కనబడదని తిండి మానేశావా?" అని మొన్న నన్ను కోప్పడ్డారు. మిషన్ బెల్టు మార్పించాను. వంటింటి కిటికీ ఇంకా సరిగ్గా మూసుకోవడం లేదు.

ఇక మీ చెల్లెలి సంగతి. "దానికి జబ్బూ లేదు, గిబ్బూ లేదు, ఒళ్లు బద్ధకం. అమ్మ రాయించినట్టు అది ఎందుకూ పనికిరాదు, ఇంటికి భారం. బడి మాన్పించి ఏదో ఒక పనిలో పెట్టండి" అని రాశారు. ఆ మాటలు కూడా తనే చదివింది. మడతలు సరిచేసి, "అంతే" అంది.

అత్తయ్య తెల్లబోయారు. "నేనెప్పుడు రాయించానే అలా? పొద్దెక్కినా లేవట్లేదు, చదువు మీద ధ్యాస లేదు అన్నాను గానీ, భారమన్నానా?"

"అన్నావమ్మా. మర్చిపోయావు."

"కళ్లతో పాటు మతీ పోయింది కాబోలు" అని ఆవిడ నవ్వేశారు.

అత్తయ్య మతికేమీ కాలేదు. ఆ మాటలు మీ చెల్లెలు తన గురించి తనే, అమ్మ పేరు పెట్టి రాసుకుంది. మీరేమో అవునన్నారు.

ఒక్క క్షణం నోరు మూయదని మీరు రేడియో అని పేరు పెట్టారు కదా. నాలుగు నెలలుగా ఇంట్లో దాని గొంతు వినబడదు. స్నేహితురాలు వస్తే, ఆ పిల్ల వెళ్లిపోయేదాకా స్నానాలగదిలో దాక్కుంది. లెక్కల పరీక్షలో పేరు రాసి తెల్ల కాగితం ఇచ్చి వచ్చింది. పదిహేనేళ్ల వయసు అలాగే ఉంటుందిలే అని అందరూ అంటే నేనూ అలాగే అనుకున్నాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు దారాలు కత్తిరిస్తూ అడిగాను, "ఎందుకమ్మా అలా రాశావు?" అని.

"నిజమే కదా వదినా. నేను లేకపోతే మీకు ఒక పని తగ్గుతుంది" అంది. రేపు బడికి సెలవు అని చెప్పినంత మామూలుగా అంది. కత్తెర పక్కన పెట్టేశాను.

మీ అనుమతి లేకుండా తనను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. గుడ్డ కొనడానికి అని అత్తయ్యతో అబద్ధమాడాను. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి, తనతో గంటసేపు మాట్లాడింది. తర్వాత నన్ను పిలిచి, "బద్ధకమని తిట్టకండి. ఈ వయసులో చాలామందికి వచ్చే మనసు జబ్బు. నయమవుతుంది, కానీ వారం వారం రావాలి. ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలని ఉందా అని అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన పెరగదు, బరువు దిగుతుంది" అంది.

భయపడుతూనే అడిగాను. "అప్పుడప్పుడు" అంది. అలా అనిపిస్తే నేనేం చేస్తున్నా సరే పిలవమన్నాను. రెండుసార్లు పిలిచింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అత్తయ్యకు నిజం చెప్పేశాను. ఆవిడ వెళ్లి కూతురి పక్కన కూర్చుని, వీపు నిమురుతూ ఉండిపోయారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆ ఉత్తరం రాయించిన రోజు ఎదురుగా కూర్చుని అంచులు కుడుతున్నాను. అత్తయ్య మంచినీళ్లకని లేచారు, మాట ఆగింది. కలం ఆగలేదు. మడిచేటప్పుడు 'భారం' అన్న మాట నా కంటపడింది. నేను మెల్లగా చదువుతానే గానీ ఆ మాట చదవగలను. నిన్న గాక మొన్న వచ్చినదాన్ని, తల్లీకూతుళ్ల మధ్య నాకెందుకు అనుకున్నాను. నా చేత్తోనే పోస్టులో వేశాను. అప్పుడే అడిగి ఉంటే మీరలా జవాబు రాసేవారు కాదు.

బడి మాన్పించవద్దు. ఇంతవరకు మిమ్మల్ని ఏదీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నాను. ఈసారి కవరు మీద దాని పేరు రాయండి. మాకు చదివి వినిపించనక్కర్లేదు. పొరపాటు పడ్డానని రాయండి. నీతులు వద్దు. ఓడలో ఈ నెల ఏమేం మాడ్చారో రాయండి, చాలు.

దీన్ని చాటుగా పంపడానికి మనసొప్పక, ఇందాక తనకే ఇచ్చాను. 'నేను లేకపోతే' అన్న చోట వేలు పెట్టి తలెత్తింది.

"ఇదంతా అన్నయ్యకు తెలియాలా?"

"నీకిష్టం లేకపోతే చించేస్తాను. మూడు రోజుల కష్టం, అయినా చించేస్తాను."

కాగితం నా చేతికిచ్చింది. "వద్దులే, పంపించు. పోస్టుకు నేనూ వస్తాను."

వీధి ముఖం చూసి ఇరవై రోజులైంది, ఆసుపత్రికి వెళ్లడం తప్ప. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. మనసు మారకముందే బయల్దేరాలి, ఇక్కడితో ఆపుతున్నాను.

ఇట్లు,
మీ భార్య, దాని వదిన