కొత్త రెగ్యులేటర్ నువ్వే బిగించు

చిన్నీ, నువ్వు లేచేసరికి నేను రేవులో పనిలో ఉంటాను. నీళ్ళలో ఊపిరి పీల్చుకునే కొత్త రెగ్యులేటర్ బల్ల మీద ఉంది. సిలిండర్ మూతి దగ్గర రబ్బరు వాషర్ సరిగ్గా ఉందో లేదో చూశాకే బిగించు. చేత్తో బిగిస్తే చాలు, పానా ముట్టుకోకు. మీటరు అద్దాన్ని అవతలికి తిప్పి, గాలి మెల్లగా వదులు. ఊపిరి పీల్చినప్పుడు ముల్లు ఊగితే సిలిండర్ పూర్తిగా తెరవలేదన్నమాట. అది చూసుకోకుండా రేపు నీళ్ళలోకి దిగొద్దు.

ఆరేళ్ళప్పుడు నా పాతది నోట్లో పెట్టుకుని తొట్టిలో మునిగావు. పైకి లేచి, "అమ్మా, లోపల నా ఊపిరి నాకే ఎంత గట్టిగా వినిపిస్తోందో!" అన్నావు. ఓడల అడుగున ఇరవై ఏళ్ళు నాకు తోడున్న చప్పుడది. చెవి పాడై, నీళ్ళలోకి దిగొద్దని డాక్టరు చెప్పాక మళ్ళీ వినలేదు.

ఇంకో మాట. పొద్దున్నే నీ కొత్తదాన్ని బిగించి, కళ్ళు మూసుకుని కాసేపు ఊపిరి పీల్చి, మళ్ళీ విప్పి పెట్టాను. సిలిండర్‌లో గాలి కాస్త తగ్గింది, కోప్పడకు.