ఒడ్డున తువ్వాలు

పాపకూర, న్యూజిలాండ్,
అక్టోబరు 2016

పిన్నీ,

ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని రాస్తున్నాను.

డిసెంబరులో మా అమ్మాయి ప్రణీత మీ విశాఖ వస్తోంది. రుషికొండ దగ్గర సర్ఫింగ్ చేస్తుందట, బోర్డు మీద నిలబడి అలల మీద జారడం. బాబాయిని మింగింది ఆ నీళ్ళేనని మరిచిపోలేదు. వద్దన్నాను, తిట్టాను కూడా.

కానీ ఇక్కడి బీచ్‌లో దాన్ని చూశాను. నీళ్ళలో కాలు పెట్టేముందు వంగి, చేత్తో తాకి కళ్ళకద్దుకుంటుంది. చిన్నప్పుడు నువ్వు నేర్పిందే. "చిన్నమ్మమ్మ చెప్పింది, తొక్కుతున్నందుకు సారీ చెప్పాలి" అంటే దాని కివీ ఫ్రెండ్సూ అలాగే చేస్తున్నారు.

సముద్రాన్ని క్షమించమని అడగను. అటు చూడకపోయినా సరే. తడిసి బయటికొచ్చే పిల్లకు తువ్వాలు కప్పడానికి ఇక్కడ ఒడ్డున నేనుంటాను. అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు?

నీ అక్క కూతురు