మూడు వందల లోపు

1 ఏప్రిల్ 2025, ఉదయం

పెన్షన్ రోజు. తాత గడ్డం గీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. సచివాలయం గిరీష్ మా గుమ్మం దాటి పక్కింటికి వెళ్ళిపోయాడు. పిలిస్తే వచ్చాడు కానీ తలెత్తలేదు. మీ పేరు హోల్డ్‌లో పెట్టారు బర్నబాస్ తాతా, కరెంటు మూడు వందల యూనిట్లు దాటిందంట, ఏసీ ఏమన్నా పెట్టారా ఏంటి అన్నాడు. తాత ముక్కుకున్న గొట్టం చూపించి, ఇదేరా అబ్బాయ్ నా ఏసీ అన్నాడు.

గిరీష్ నవ్వలేదు.

దుగ్గిరాల యార్డులో తాత ఏళ్ళ తరబడి పసుపు బస్తాలు మోశాడు. ఆ దుమ్ము ఇంకా ఆయన లోపలే ఉంది. ఆక్సిజన్ మిషన్ మా చర్చి పెద్ద తోమాసు గారు ఇచ్చారు. రాత్రీ పగలూ నడపమన్నారు డాక్టరు. మందులు పెన్షన్‌తో కొంటాం. అమ్మ రొయ్యల షెడ్డులో తెచ్చేది తిండికి సరిపోతుంది.

3 ఏప్రిల్, తెనాలి రైల్లో

సచివాలయం స్క్రీన్ మీద తాత పేరు పక్కన 'అనర్హులు' అని ఉంది. బహువచనం! తాతకి అంత మర్యాద ఇంతకుముందు ఏ కాగితమూ ఇవ్వలేదు.

రేపల్లె నుంచి కాలేజీకి వెళ్ళేలోపు అర్జీ మొదటి పేజీ పూర్తయింది. ఆయాసం, రొప్పు, ఎగశ్వాస. మూడూ వాడాను.

7 ఏప్రిల్, సోమవారం

బాపట్ల. కలెక్టరాఫీసులో గ్రీవెన్స్, అర్జీలు తీసుకునే రోజు. ఆఫీసరు గారు అర్జీ మొత్తం చదివారు. చాలా బాగా రాశావమ్మా, ఏం చదువుతున్నావు అని అడిగారు. బి.ఏ. తెలుగండి అన్నాను. పొంగిపోయాను కూడా. తర్వాత ఆయన, సిస్టమ్‌లో యూనిట్లే కనపడతాయమ్మా, అవి ఎందుకు కాలాయో కనపడవు, ముందు వాడకం తగ్గించుకుని కొన్నాళ్ళాగి మళ్ళీ పెట్టుకోండి అన్నారు.

బస్సులో ఆ పొంగు గుర్తొచ్చి సిగ్గేసింది.

9 ఏప్రిల్

మిషన్ కాసేపు ఆపి చూశాం. తాత పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

18 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

చర్చి నుంచి వచ్చేసరికి పక్కింటి వెంకటరత్నమ్మ మామ్మ గోడ మీదుగా వైరు లాగించి పెట్టింది. పగలు మీ మీటరు, రాత్రి నా మీటరు, ఇద్దరిలో ఎవరిదీ దాటదుగా అన్నయ్యా అంది. అమ్మ వద్దంటే, నోర్మూసుకో, మా ఇంటి కరెంటు సంగతి మాట్లాడేది నేను అని కసిరింది. ఆమెదీ పెన్షనే. వాళ్ళింట్లో ఫ్రిజ్జు, కూలరు ఉన్నాయి.

రాత్రి తాత గొట్టం పెట్టుకుని, నీ కరెంటు చల్లగా ఉందమ్మా, మాది వేడి అని గోడవతలికి కేకేశాడు. మామ్మ పగలబడి నవ్వింది.

ఇంత చక్కటి ఉపాయం నా అర్జీలో ఒక్క వాక్యంలోనూ లేదు.

31 మే, శనివారం

రేపు ఆదివారమని పెన్షన్లు ఈరోజే ఇచ్చారు. మామ్మకి ఇవ్వలేదు. ఆమె మీటరు కూడా దాటింది.

మామ్మ మాకు చెప్పలేదు. గిరీష్ చెప్పాడు. సాయంత్రం ఆమె మామూలుగానే వచ్చి, ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో తడిమి చూసి వెళ్ళింది.

1 జూన్

తాత ప్లగ్గు పీకాడు. యార్డులో తాడు చుట్టినట్టు వైరును మోచేతికి చుట్టి, ఇచ్చేసి రా అన్నాడు. మామ్మ తీసుకోలేదు. నేనేమన్నా అడిగానా అన్నయ్యా అని గోడ దగ్గర ఏడ్చింది. నా ఊపిరికి నీ నోటికాడ కూడు తియ్యమంటావా అని తాత అరిచాడు. అరిచాక చాలాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

వైరు గోడ మీదే ఉంది. ఎవరూ తీయలేదు.

ఇక మిషన్ రాత్రి మాత్రమే, మా మీటరు మీదే. రెండిళ్ళ యూనిట్లూ తగ్గుతాయిలే, మళ్ళీ అర్జీ రాయొచ్చులే అంటాడు తాత. అమ్మ చేతులు కడుక్కుంటూనే ఉంది. రొయ్యల వాసన ఎప్పుడో పోయింది.

6 జూన్

తెల్లవారుజామున లేస్తే మిషన్ ఆగి ఉంది. తాతే ఆపుకుంటున్నాడు. ఎన్నాళ్ళుగానో చెప్పడు.

9 జూన్

తాత ఇప్పుడు ఒక్కో ఊపిరికి రెండు మాటలే మాట్లాడుతున్నాడు. నేను ఇక్కడ పేజీలు నింపుతున్నాను.

14 జూన్, సాయంత్రం

గాలివాన. వీధంతా కరెంటు పోయింది. మామ్మ కూలరు కూడా ఆగింది.

తాత చీకట్లో నవ్వాడు. ఇప్పుడు అందరం, అన్నాడు. ఊపిరి అందుకున్నాడు. అర్హులమేనే, అన్నాడు.

తర్వాత ఏమీ అనలేదు. అమ్మ అగ్గిపెట్టె వెతుకుతోంది. నేను తాత ఊపిరి కోసం వింటున్నాను.