వంటిల్లు లేని ఇల్లు

చోడవరం, 3-4-1972

మూతబడిన నూకాంబ బస్సు కంపెనీ ఆస్తులు అమ్మిపెట్టే లిక్విడేటరు సత్యారావు గారికి అప్పయమ్మ నమస్కారాలు.

ఇల్లు ఖాళీ చేయమన్న మీ నోటీసు అందింది. మావారు ఆ కంపెనీలో ఇరవై రెండేళ్ళు పద్దులు రాశారు. వారు పోయాక, మేము ఉంటున్న ఈ కంపెనీ ఇంటిని 1969లో నాలుగు వేల రెండు వందలకు నేను కొన్నాను. అప్పటికే కంపెనీ మూసివేత కోర్టుకెక్కింది కనుక అమ్మకం చెల్లదంటారు. ఆ సంగతి అమ్మినవాళ్ళు నాకు చెప్పలేదు. మీరు మూడేళ్ళకు చెబుతున్నారు.

ఇట్లు,
అప్పయమ్మ

తా.క. ఇంట్లో కంపెనీవి ఏమున్నాయో జాబితా రాయడానికి మీ గుమాస్తా పరదేశి వచ్చాడు. "వంటిల్లు సూడాలండి మామ్మగారూ" అన్నాడు. "జోళ్ళు విప్పి, కాళ్ళు కడుక్కుని చూడు బాబూ" అన్నాను. "బూట్లండి, తాళ్ళు ముడి పడిపోయేయి" అని వరండాలోనే రాసుకుని బస్సెక్కేశాడు.

హైదరాబాదు, 18-4-1972

అమ్మా,

అమ్మకం చెల్లదు. వచ్చే నెల 20న ఇల్లు వేలం. జాబితాకు కోర్టు ముద్ర పడింది. అందులో ఉన్నవి కంపెనీవి. లేనివి మీవి, తీసుకుపోవచ్చు.

భవదీయుడు,
సత్యారావు

తా.క. బూట్ల విషయం ఈ కార్యాలయానికి సంబంధించినది కాదు.

చోడవరం, 26-4-1972

అయ్యా,

మీరు పంపిన జాబితా నకలు చదివాను. వరండా, రెండు గదులు, పెంకుల కప్పు, విరిగిన బెంచీ ఒకటి ఉన్నాయి. వంటిల్లు, నుయ్యి లేవు. మీ మాట ప్రకారం అవి నావి. తీసుకుపోవడం నాకు చేతకాదు కనుక వంటింట్లోనే ఉంటాను.

ఇట్లు,
అప్పయమ్మ

తా.క. వడ్డాది ఊరి బెల్లం వ్యాపారి బంగార్రాజు వేలానికి ముందు ఇల్లు చూడ్డానికి వచ్చాడు. "వంటెక్కడ సేసుకుంటామండి?" అన్నాడు. "హైదరాబాదు రాసి కనుక్కో బాబూ" అన్నాను. వంటింటికి నడిగదిలోంచే నా దారి అనీ, తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాననీ కూడా చెప్పాను. "మళ్ళీ వస్తానండి" అన్నాడు. రాలేదు.

హైదరాబాదు, 12-7-1972

అమ్మా,

వేలానికి ఒక్కరూ రాలేదు. కోర్టువారు నన్ను మందలించారు. మీరు విషయం తెలియక పూర్తి ధర ఇచ్చి కొన్నారు కనుక, మీ 1969 అమ్మకాన్నే ఖాయం చేశారు. ఇల్లు మీదే. ఉత్తర్వు నకలు జతపరిచాను.

భవదీయుడు,
సత్యారావు

తా.క. ఇక ఉత్తరాలు వద్దని మనవి.

చోడవరం, 20-7-1972

అయ్యా,

సంతోషం. కానీ నాకు ఖాయం చేసిన ఇల్లు ఉత్తర్వులో మీ జాబితా ప్రకారమే ఉంది: వరండా, రెండు గదులు, పెంకుల కప్పు, విరిగిన బెంచీ. సబ్‌రిజిస్ట్రారు "వంటిల్లు మీదని కాయితం ఏదండి?" అంటున్నాడు. మీ ఏప్రిల్ ఉత్తరం చూపించాను. "ఇది ఉత్తరమండి, దస్తావేజు కాదు" అన్నాడు. జాబితా దిద్దించండి. పరదేశిని వెంటనే పంపండి.

ఇట్లు,
అప్పయమ్మ

తా.క. బూట్లతోనే వంటింట్లోకి రమ్మనండి. తరువాత నేను కడుక్కుంటాను.