హౌస్ మోషన్ నాడు పెసరట్లు

అక్టోబర్ 29, బుధవారం

కొలీజియం నన్ను వేరే రాష్ట్రం హైకోర్టుకి చీఫ్ జస్టిస్‌గా సిఫార్సు చేసి నెల దాటింది. ఫైలు ఢిల్లీలో ఎక్కడో ఉంది. చిన్న ఊళ్ళో మునసబు కోర్టుతో మొదలైన దాన్ని, ఇంకొక్క మెట్టు. కావాలని ఉంది. బాగా కావాలని ఉంది. పైకి అనను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన జోగారావు అప్పుడే కొత్త సూట్‌కేసులు చూస్తున్నారు. ఆలూ లేదు చూలూ లేదు అన్నాను.

అక్టోబర్ 31, శుక్రవారం

రాష్ట్రం అట్టుడుకుతోంది. అధికార పార్టీ రెండుగా చీలింది. సోమవారం పొద్దున అసెంబ్లీలో బలపరీక్ష. చీలినవాళ్ళు తమ ఎమ్మెల్యేలను తెచ్చి శామీర్‌పేటలో మా కాలనీ అవతలి రిసార్టులో క్యాంపు పెట్టారు. మా వీధి మలుపు దాకా నల్ల కార్లే.

ఢిల్లీ నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. నా ఫైలు కదపాల్సినవాళ్ళూ ఈ క్యాంపు నడిపేవాళ్ళూ ఒకే కంచంలో తింటారట. రెండు వారాలు ఏ గొడవలోనూ తలదూర్చకు అంది. సరే అన్నాను. సరే అన్నందుకు నామీద నాకే చిరాకేసింది.

నవంబర్ 1, శనివారం, సాయంత్రం

రిజిస్ట్రార్ ఫోన్. హెబియస్ కార్పస్. ఎమ్మెల్యే కావ్యను రిసార్టులో నిర్బంధించారని ఆమె తండ్రి వీరయ్య పిటిషన్. చెరువులో చేపలు పట్టుకునే మనిషి. సెలవు రోజు అర్జెంటు కేసు, అంటే హౌస్ మోషన్. రేపు పదింటికి మా హాలే కోర్టు.

తలదూర్చకు అంటే గొడవే ఇంటికి నడిచొచ్చింది.

నవంబర్ 2, ఆదివారం, రాత్రి

వరసగా రాయాలి, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

పదింటి కేసుకి వీరయ్య తెల్లవారకముందే వచ్చి మా గేటు బయట గొంతుక్కూర్చున్నాడు. వాకింగ్ నుంచి వస్తూ మా ఆయన చూశారు. గన్‌మన్ వద్దు సార్ అంటున్నా వినకుండా వరండాలో కూర్చోబెట్టి పెసరట్టు పెట్టారు. నాకేం వద్దు సారూ, నా బిడ్డ కండ్ల పడితే సాలు, దినాం ఫోన్ జేసేటి పిల్ల మూడొద్దుల సంది సప్పుడు లేదు, పానం పానంల లేదు అన్నాడట. పానం నిలవాలంటే తినాలి అని ఈయన ఇంకోటి వేశారు. నేను పైన ఫైలు చదువుకుంటున్నాను. కాఫీ వాసన తప్ప నాకేమీ తెలీదు.

పదింటికి డైనింగ్ టేబుల్ వెనక నేనూ, బెంచిలో నా పక్కన కూర్చునే జస్టిస్ ఫణిభూషణ్ గారూ. క్యాంపు తరఫున సీనియర్ లాయర్ చక్రపాణి గారు లేచారు. వరండాలో కుర్చీ కింద అల్లం చట్నీ అంటిన ప్లేటు చూశామని, పిటిషనర్ ఈ ఇంటి ఆతిథ్యం పొందినట్టున్నాడని, ఈ కేసు వినాలా వద్దా బెంచి ఆలోచించుకోవాలని చాలా మర్యాదగా అన్నారు. వీరయ్య ముఖం పాలిపోయింది. తిన్నందుకు కేసు పోతుందనుకున్నాడు పాపం.

పది నిమిషాలు విరామం ఇచ్చాను. ఫణిభూషణ్ గారు గొంతు తగ్గించి, ఇది దేవుడిచ్చిన సాకు మేడం అన్నారు. తప్పుకోండి, ఎవరూ తప్పు పట్టరు, మీ ఫైలూ భద్రం. నిజమే. కానీ చీఫ్ జస్టిస్ ఊళ్ళో లేరు. మేము తప్పుకుంటే ఇంకో బెంచి కూర్చునేది రేపు సాయంత్రానికే. ఓటు రేపు పొద్దున. తప్పుకోవడమంటే తీర్పివ్వడమే, నా సంతకం లేకుండా.

వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన పొయ్యి ముందు తల వంచుకుని ఉన్నారు. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం మనకి చేతకాదు కదే అమ్మాజీ, నీ కొంప ముంచానా అన్నారు. ఆయన మీద పీకల దాకా కోపం ఉంది. అయినా పిండి ఎంత ఉందని అడిగాను. పదిమందికి చాలుతుందన్నారు.

తిరిగి వచ్చి ఆర్డర్ డిక్టేట్ చేశాను. మాకు తెలియకుండా మా ఇంట్లోవారు పిటిషనర్‌కు టిఫిన్ పెట్టారు, తెలిసిన వెంటనే రికార్డు చేస్తున్నాం. అవతలి పక్షానికీ పెట్టబడుతుంది, నిరాకరించే స్వేచ్ఛ వారికుంది. ఇందువల్ల బెంచి తప్పుకోదు.

ఫణిభూషణ్ గారు ఐ అగ్రీ అన్నారు. ఆ రెండు మాటలకి ఆయనకి దండం పెట్టాలనిపించింది.

జూనియర్లు మొహమాటపడకుండా తిన్నారు. చక్రపాణి గారిది తెనాలి. కాసేపు బిగుసుకుని కూర్చుని, తర్వాత ఉప్మా కూడా ఉందా అని అడిగారు.

వాదనలు విన్నాం. సాయంత్రం నాలుగింటికి కావ్యను మా ముందు హాజరుపరచమన్నాం. తెచ్చారు. చిన్న పిల్ల, మొదటిసారి గెలిచింది. అందరినీ బయటికి పంపి అడిగాను. నన్నెవ్వలు కొట్టలె మేడం, మంచిగనే జూసిండ్రు, గానీ ఫోన్ గుంజుకున్నరు, గేటు దాటనియ్యలె అంది. ఓటు ఎవ్వలకెయ్యాల్నో నాకెరుకే అని ఇంకా చెప్పబోతుంటే ఆపాను. అది మాకు అక్కర్లేదమ్మా, ఎక్కడికి వెళ్తావో చెప్పు అన్నాను. బాపుతోని ఇంటికి వోత అంది.

వీరయ్య టీవీఎస్ మీద వెనక కూర్చుని వెళ్ళింది. ఆ బండి వెనక రెండు పోలీసు జీపులు. చూసి నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను.

నవంబర్ 3, సోమవారం

ఓటింగ్ అయిపోయింది. ఎవరు గెలిచారో మా ఆయన చెప్పబోతే, పేపర్లో చూస్తాను లెండి అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

వీరయ్య బతికున్న కొర్రమట్టలు తెచ్చాడు. అన్నం వెట్టినోళ్ల ఇంటికి వట్టి చేతులతోని ఎట్లొస్త అన్నాడట. జడ్జి ఇంట్లో పుచ్చుకోకూడదని వెనక్కి పంపించేశాను. చేపలు పోయినందుకు కాదు గానీ, మా ఆయన ముఖం చూడలేకపోయాను.

నవంబర్ 20, గురువారం

చీఫ్ జస్టిస్ లేదు. ఫైలు తిరిగొచ్చింది. బదిలీ ప్రతిపాదన మాత్రం ముందుకొచ్చింది. ఎక్కడో ఈశాన్యపు కొండల మీద, మామూలు జడ్జిగానే.

ఏడ్చాను. ఆ మాట కూడా రాసుకోకపోతే ఈ డైరీ ఎందుకు.

నవంబర్ 23, ఆదివారం

ఫణిభూషణ్ గారు అల్వాల్ నుంచి వచ్చారు. నిన్న వాళ్ళింట్లో హౌస్ మోషన్ అయితే ముందే రెండు పక్షాలకీ ఒకే ట్రేలో టీ పంపించారట. అసెంబ్లీలో కావ్య లేచి ఈ క్యాంపులు ఆపే చట్టం తెమ్మని గట్టిగా అడిగిందట. నేను ఒక్క చోటికి పోతున్నాను గానీ ఆ టిఫిన్ ఆర్డర్ నాలుగు చోట్ల తిరుగుతోందన్నారు. మనసు తేలికపడింది. బదిలీకి సమ్మతమని ఇవాళే రాసి పంపాను.

నవంబర్ 30, ఆదివారం

బదిలీ ఆర్డర్ వచ్చింది, వంటగిన్నెలు తప్ప సామానంతా లారీకెక్కింది. మళ్ళీ వీరయ్య, మళ్ళీ కొర్రమట్టలు. ఇగ మీరు మా కోర్టుల లేరు గద మేడం, ఇగనన్న తీస్కోరి అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత బలమైన పాయింటు ఎవరూ లేవదీయలేదు. ఒక్క షరతు, వండాక మాతో కూర్చుని తినాలి అన్నాను. పులుసులో కారం ఎక్కువైంది. ముగ్గురం ముక్కులు తుడుచుకుంటూ తిన్నాం.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఎముకలు కొరికే చలి. అర్జెంటు పిటిషనట, గేటు దగ్గర ఎవరో ముసలామె. ఇక్కడ దీన్ని హౌస్ మోషన్ అనరు. వంటింట్లోంచి ఆయన అడుగుతున్నారు, అవతలి పక్షం వాళ్ళు ఎంతమంది వస్తారని.