కుడిచేతిలో పలకని రిమోట్

8 జూన్ 2004, మంగళవారం
తొంభై అడుగులు! షెడ్డు గేటు దాటి మేడ్చల్ రోడ్డు అంచున నిలబడి నొక్కాను. లోపల మోటారు టక్కున ఆగింది. బోర్డు అంచు వెంట రాగిగీతను ఓ చుట్టు తిప్పాను, అంతే, అదే యాంటెనా. బయటికి పుల్ల కూడా పొడుచుకురాదు. అరచేతిలో పట్టే రిమోట్. నెలరోజుల పని. షెడ్డు ఓనరు, మా సారు చూసి "మంచిగనే ఉంది" అన్నారు. ఆయన నోట అంతకంటే రాదు.

11 జూన్, శుక్రవారం
మొదటి రిమోట్ శామీర్‌పేట దగ్గరి కోళ్లఫారానికి పోయింది. దాణా కలిపే మిషన్‌ను దూరం నుంచే ఆపడానికి. ఆ మిషన్ తిప్పేది మా యాదమ్మ మొగుడు సాయిలే. షెడ్డులో సోల్డరింగ్ అంతా యాదమ్మదే... తన చేత్తో అతికిన బోర్డు మొగుడి చేతికి పోతోందని ఒకటే మురిపెం. "ఆయన నోరు బంద్ జేసేది గూడ ఒకటి చెయ్యరాదుండ్రి మేడం!" పొట్ట పట్టుకుని నవ్వాను.

12 జూన్
వాన. బట్టలు ఆరలేదు. ఇంకేం లేదు.

15 జూన్, మంగళవారం
సాయిలు చెయ్యి మిషన్‌లో పడింది.
ఎడమచేతి వేళ్లు రెండు... లేవు. భుజం మీది తువ్వాలు చిక్కుకుంటే లాగబోయాడట. ఫారం నుంచి ఫోన్ వచ్చినప్పుడు యాదమ్మ చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. దాన్ని స్టాండులో పెట్టి, స్విచ్ కట్టేసి, అప్పుడు కూలబడింది.

16 జూన్, బుధవారం
ఆసుపత్రి. సాయిలు ఒకటే మాట — "నొక్కిన మేడం. మూడుసార్లు నొక్కిన. ఆగలే."
రిమోట్ వెనక్కి తెప్పించాను. రోడ్డు మీదికి పోయి నొక్కాను. ఆగింది! మళ్లీ నొక్కాను. మళ్లీ ఆగింది. సారు అన్నారు, "తాగి ఉంటడు. రిమోట్ సక్కగుందని ఓ కాగితం రాసియ్యి, ఫారమోళ్లు అడుగుతున్రు." రాశాను. నేనే. సంతకం పెట్టాను.

18 జూన్
సాయిలును పనిలోంచి తీసేశారు. అబద్ధం ఆడాడని. నా కాగితం చూపించి మరీ.

19 జూన్, శనివారం
నమ్మలేకపోతున్నాను.
యాదమ్మ పనికి వచ్చింది. సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి "ఇటు తెండ్రి, నేను నొక్కి సూస్త" అంది. ఆరడుగుల దూరం నుంచి నొక్కింది. ఆగలేదు. మళ్లీ. ఆగలేదు! నేను లాక్కుని నొక్కాను, ఆగింది. ఆమె నొక్కితే ఆగదు, నేను నొక్కితే ఆగుతుంది. యాదమ్మ నా చేతి వంక చూసింది. "మేడం... మీది పుర్రచెయ్యి గద."
ఓరి దేవుడా.
అన్నానికీ, ఒకరికి ఏదైనా ఇవ్వడానికీ కుడిచెయ్యే. అమ్మ చిన్నప్పుడు వేళ్ల మీద కొట్టి నేర్పింది. పనిముట్టు పట్టుకుంటే మాత్రం ఎడమే. నెలరోజులు పరీక్షించింది నేనొక్కదాన్నే, ఒక్క చేత్తోనే! కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలి కింది కండ సరిగ్గా రాగిగీత చివర, దాన్ని శ్రుతి చేసే కెపాసిటర్ మీద కూర్చుంటుంది. శ్రుతి పోతుంది, సిగ్నల్ చస్తుంది. నాకు తెలియదా ఇది? పుస్తకాల్లో చదివినదాన్నే కదా! బుద్ధి గడ్డి తింది.
సాయిలు కుడిచేత్తో నొక్కాడు. లోకమంతా కుడిచేత్తోనే నొక్కుతుంది.

21 జూన్, సోమవారం
సారుకి చెప్పాను. కుర్చీలోంచి లేవకుండానే అన్నారు, "గీ ముచ్చట ఈడనే ఉండనియ్యి. కొత్త బోర్డుల గీత పైకి జరుపు." మరి సాయిలు? "సూద్దాం తియ్యి." ఫారం వాళ్లకి నేను చెప్తానన్నాను. "చెప్తే ఇగ ఇటు రాకు."
ఆయనేనా ఈ మాట అన్నది? ఆరేళ్లుగా ఎరిగిన మనిషేనా?

22 జూన్
గీతను చెయ్యి తగలని పైఅంచుకు మార్చాను. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, తడిచెయ్యి... అన్నింటికీ ఆగింది. సిగ్నల్ అందకపోయినా మిషన్ తనంతట తనే ఆగేలా కూడా చేశాను. మొదటే చెయ్యాల్సింది! ఏడుపు వచ్చింది.

23 జూన్, బుధవారం
కుత్బుల్లాపూర్‌లో యాదమ్మ వాళ్లింటికి పోయాను. కొత్త కాగితం రాసుకుపోయి సాయిలు ముందు చదివాను. రిమోట్ నొక్కాడు, అది పని చెయ్యలేదు, తప్పు నా బోర్డుది.
తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.
"అయితే నేను నొక్కిననా మేడం?"
"నొక్కావు సాయిలూ."
"అందరు నొక్కలే నొక్కలే అంటుంటే... నాకే అనుమానమొచ్చింది. నొక్కలేదేమో, ఉత్తగనే చెప్తున్ననేమో అనుకున్న."
వేళ్లు తీసింది నా గీత. ఈ అనుమానం పెట్టింది నా సంతకం. ఇది ఇవ్వాళ్టిదాకా నా బుర్రకే తట్టలేదు.
యాదమ్మ గుమ్మం దాకా వచ్చింది. "రేపు ఫారం కాడికొచ్చి గీ మాటనే చెప్తరా?" చెప్తానన్నాను. "సారు?" అంది. వంగి చెప్పులు తొడుక్కున్నాను.
పొద్దున ఎనిమిదింటికి బస్టాపులో ఉంటానంది యాదమ్మ. కాగితం సంచిలో పెట్టాను. సారుకి ఇంకా చెప్పలేదు...