రాజయ్య కాక పండ్లు

ఆదివారం, రాత్రి

తలకాయ పలుగుతంది. రేపు పొద్దుగాల్నే కరీంనగర్‌ల నా బీడీఎస్ ప్రాక్టికల్ పరీక్ష. పేషెంటును మేమే తీస్కపోవాలె, సార్ల ముందట పండ్ల గార తియ్యాలె. గార ఎంత ఎక్కువుంటే మన పని అంత కనవడుతది. అందుకే పక్క క్వార్టర్ రాజయ్య కాకను నెల కిందనే ఒప్పిచ్చిన. బొగ్గుబాయిల బీడీ తాగనియ్యరని ఏండ్ల సంది జర్దా నములుతడు. గసోంటి నోరు ఎంత దేవులాడినా దొరకది.

సాయంత్రం బస్సు టైం చెప్దామని పోతే కాక నవ్విండు. పండ్లు తెల్లగ మెరుస్తున్నయి!

"ఏంది కాక ఇది?"

"బజార్ల డాక్టరుతోని సాఫ్ చేపిచ్చుకున్న బిడ్డా. బాయిలకెల్లి ఎక్కినంక తానం చెయ్యంది ఎవలింటికన్న పోతమా? సార్ల ముందట నీ ఇజ్జత్ పోవద్దు గద."

ఒప్పిచ్చిననాడు నీ పండ్లు గలీజుగున్నయనే రమ్మంటున్న అని ముఖం మీద చెప్పలేక, ఉత్తగ "పరీక్షకు రా కాక" అన్న. ఇప్పుడు అనుభవిస్తున్న. రాత్రికి రాత్రి ఇంకొకలను ఏడ పట్టాలె?

"మంచిగైనయా బిడ్డా?"

"మస్తుగైనయి కాక."

గోడకు ఇస్త్రీ అంగీ తగిలిచ్చి పెట్టుకున్నడు. ఫస్ట్ బస్సుకు నాకంటె ముందే వచ్చి నిలవడుతడు. ఎట్ల వద్దనాలె...